పచ్చదీపం

"ఇంకోసారి పెట్టించమ్మా," అన్నాడు ఉదయ్‌కిరణ్.

మంచం మీది మనిషి బొటనవేలిని భవాని కొంగుతో తుడిచి, మళ్లీ వేలిముద్రల మెషిన్ మీద ఒత్తింది. ఎర్రదీపం వెలిగింది.

ఉదయ్‌కిరణ్ బీమా కంపెనీ తరఫున విచారణకు వచ్చాడు. ఆ ఇంట్లో వేరే కుర్చీ లేదు. ఎవరో దానమిచ్చిన చక్రాల కుర్చీలోనే కూర్చోబెట్టారు. అతను కదిలినప్పుడల్లా అది వెనక్కి జారుతోంది. అతను గోడ పట్టుకుని ముందుకు వస్తున్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

మంచం మీది మనిషికి కాలు పోయింది మోండా మార్కెట్లో. ఉల్లిగడ్డల లారీ రివర్సులో వచ్చి ఎడమకాలిని తొడ దాకా నలిపేసింది. దవాఖాన ఖర్చు బీమా కట్టింది. ఇక రావలసింది వికలాంగుడికి నెలనెలా ఇచ్చే సొమ్ము. అది వస్తే పొయ్యి వెలుగుతుంది. రాకపోతే ఇల్లు ఖాళీ చేయాలి. ఇంటి ఓనరు ఆ మాట వాకిట్లో నిలబడి చెప్పిపోయాడు. భవాని ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. జాలి అందరి దగ్గరా దొరికింది. పని ఎవరి దగ్గరా కాలేదు.

"గీతలు అరిగినయి సార్," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ అతని అన్న. "మూటలు మోసి మోసి."

"గోదాములో అట్టపెట్టెలు సర్దే పని అని రాసుంది. మూటలెక్కడివి?"

"సీజన్‌ల అన్నీ మోస్తం సార్."

ఉదయ్‌కిరణ్ బీమా కార్డు మీది ఫోటోను, మంచం మీది గడ్డాన్ని మార్చి మార్చి చూశాడు.

"ఇందులో బుగ్గలున్నాయి."

"మంచం పట్టినంక బుగ్గలేడుంటయి సార్," అంది తల్లి బుచ్చమ్మ.

"సరే. మీ ఆయన పేరు చెప్పమ్మా."

భవాని తల దించుకుంది.

"పెనిమిటి పేరు నోటితోని ఎట్ల చెప్తది సార్?" బుచ్చమ్మ అడ్డొచ్చింది.

"సికింద్రాబాద్‌లో ఉండి ఇంకా ఇదేంటండీ! మా ఆవిడైతే నా పేరు వీధి చివరికి వినపడేలా అరుస్తుంది."

"ఓంప్రకాశ్ సార్," అన్నాడు తలుపు దగ్గరి మనిషి.

"పని?"

"కార్ఖానాల మందుల గోదాము. ప్యాకింగ్."

"సూపర్‌వైజరు?"

"జంగయ్య సార్."

"అన్నీ నువ్వే చెబుతున్నావు. అతనికి నోరు లేదా?"

"కాలు పోయినప్పటి సంది మాట తక్కువైంది సార్," అంది భవాని.

"నువ్వేం చేస్తావయ్యా?"

"ఇప్పుడేం లేదు. తమ్మునికి గిట్లయినంక పనికి పోతలేను."

"ఇద్దరూ ఇంట్లో కూర్చుంటే ఎలా?"

అతను తలుపు గడియ సవరించాడు.

"వాన్నేమనకుండ్రి సార్," అంది బుచ్చమ్మ. "మా పెద్దోడే తమ్మున్ని బతికిచ్చిండు. దవాఖానల ముందు పైసలు కట్టమన్నరు. వీడు జేబులకెల్లి కార్డు తీసి చూపిచ్చిండు. అప్పుడు గాని లోపలికి తీస్కపోలే."

"అమ్మా, జెర ఊకో," అన్నాడు పెద్దకొడుకు.

"కార్డు ఉండడం అదృష్టం," అన్నాడు ఉదయ్‌కిరణ్. "చాలామందికి ఉండదు."

"మా ఇంట్ల సుత ఒక్కనికే ఉండె సార్," అంది బుచ్చమ్మ.

ఉదయ్‌కిరణ్ సంచిలోంచి కంటి మెషిన్ తీశాడు. మంచం మీది మనిషి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తెరువు బాబూ. నొప్పేమీ ఉండదు."

భవాని వంగి అతని చెవిలో ఏదో చెప్పింది. తెరిచాడు. మళ్లీ ఎర్రదీపమే.

ఉదయ్‌కిరణ్ చెడ్డవాడు కాదు. అదే అసలు చిక్కు.

"కంగారు పడకండి. ఇంకో దారి ఉంది. మీ సూపర్‌వైజరును ఇక్కడికి రమ్మంటాను. ముఖం చూసి, ఇతను మావాడే అని సంతకం పెడితే వేలిముద్రతో పనే లేదు. వచ్చే నెల నుంచే డబ్బు పడుతుంది." ఫోన్ తీశాడు.

"వద్దు సార్," అంది భవాని.

"ఏమిటి వద్దు?"

"జంగయ్య సార్‌ను పిలువకుండ్రి."

"అమ్మా, నేను ఇప్పించడానికి చూస్తున్నాను."

"ఎరుకే సార్. మాకొద్దు. వద్దన్నరని రాసుకోండ్రి."

మంచం మీది మనిషి మొదటిసారి నోరు విప్పాడు. "ఇడిచిపెట్టుండ్రి సార్." గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సాయం చేస్తానన్నవాడిని వద్దంటే ఎంత మంచివాడికైనా కోపం వస్తుంది. అతనికీ వచ్చింది.

"మీ ఇష్టం. రేపు మళ్లీ మా ఆఫీసు చుట్టూ తిరిగి ఏడవొద్దు. ఈ కేసు మూసేస్తున్నాను. వద్దన్నారనడానికి సాక్షి కావాలి." మెషిన్‌ను తలుపు వైపు చాపాడు. "నువ్వు పెట్టు వేలు."

అన్న తన రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాది సుత అరిగింది సార్."

"ఇంటిల్లిపాదికీ అరిగాయా?"

బుచ్చమ్మ లేచి వచ్చి తన వేలు పెట్టింది. మొదటిసారికే పచ్చదీపం వెలిగింది.

ఉదయ్‌కిరణ్ లేచాడు. చక్రాల కుర్చీ వెనక్కి జారి గోడకు తగిలి ఆగింది. వీధిలో అతని బండి చప్పుడు దూరమైంది.

"పైసలు పాయె. జంగయ్య సార్‌కు మొఖం చూపియ్యరాక నీ నౌకరి సుత పాయె గద బావా," అంది భవాని.

"ఆ దినం కార్డు తియ్యకుంటే మనిషే దక్కకపోతుండె," అన్నాడు తలుపు దగ్గరి మనిషి.

మనిషి దక్కినందుకు ఆ గదిలో ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు.

ఓంప్రకాశ్ ఇంకా తలుపు దగ్గరే, తన రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నాడు.