పిడికెడు గట్క

“ఆ కుక్కలను నువ్వు సంపుతవా, నన్ను సంపమంటవా?”

బాట మీద నిలబడి ఊరంతా వినబడేలా అరిచాడు భూపతి. ఐలవ్వ తలెత్తలేదు. గుమ్మంలో కూర్చుని కానుగ నూనెలో గంధకం రంగరిస్తోంది. కుక్కల గజ్జికి మందు!

దొర వేటకుక్కలవి. ఒకటి కాదు, అయిదు. నిజాం మీదికి యూనియన్ మిలిటరీ వస్తోందనగానే దొర బండ్లు కట్టించుకుని పట్నం పారిపోయాడు. కుక్కలు అతని కోటలాంటి గడీ పెరట్లో గొలుసులకే ఉండిపోయాయి. ఇరవై రోజులు తిండి లేదు. ఒళ్లంతా పుండ్లు, చెవుల్లో పురుగులు. పీడ విరగడైందని ఊరు సంబరపడుతుంటే ఈ ఐలవ్వ పోయి, మొరిగే ఓపిక కూడా లేని వాటిని ఒక్కొక్కటిగా మోసుకొచ్చింది. ఇంటి వెనక పాత పశువుల కొట్టానికి దడి కట్టి అందులో పెట్టింది.

ఎవరీ ఐలవ్వ? ఆ కుక్కలే చీల్చి చంపిన దుబ్బయ్య పెళ్లాం!

మండదా మరి ఊరికి? దొరకు ఎదురు తిరిగిన సంఘం చిట్టీ పట్టుకుని మసక చీకట్లో తొగుట బాటన పోతున్న దుబ్బయ్య మీదికి, గడీ పెరటి తలుపు తీసి ఎవడో వాటిని వదిలాడు. తెల్లారి చెప్పుల్ని బట్టి మొగుణ్ణి గుర్తుపట్టింది ఐలవ్వ.

“అన్న పాడె మోసిన భుజమిది వదినా,” అన్నాడు భూపతి. దుబ్బయ్యకు పాలివాడు, వరసకు తమ్ముడు. “ఇడిసినోడు దొరెంబడే ఉరికిండు. వాడింక దొరకడు. ఇవన్న సావాలె.”

“నోరులేని జీవాలు. ఇడిస్తె ఉరికినయి,” అంది ఐలవ్వ.

పెద్దమనిషి రాజమల్లయ్య పంచాయతీ పెట్టాడు. జనం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. సిగ్గులేనిదన్నారు. మొగుణ్ణి పీక్కుతిన్న కుక్కలకు మొగుడు పండించిన జొన్నలు పెడుతోందన్నారు. ఒకామె మొహాన దుమ్మెత్తి పోసింది. ఐలవ్వ అన్నీ విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

“నాకు మీరేం పెట్టొద్దు. ఇంటికో మొగోడొచ్చి దుబ్బయ్య పేరు మీద ఈటికి పిడికెడు జొన్నగట్క పెట్టుండ్రి. పంపితె తీసుకోను. సొంత చేత్తోనే పెట్టాలె. మనుషులంటె బయం, బుగులు పోతె ఇవి ఎవ్వల్నీ కరువయి. అప్పుడు గూడ కరిస్తె నేనే సంపుత.”

చచ్చినవాడి పేరెత్తాక కాదనేదెవరు? తిట్టుకుంటూనే వచ్చారు. మనిషి దడి దగ్గరికి రాగానే కుక్కలు పళ్లు బయటపెట్టి గుర్రుమనేవి. వచ్చినవాడు గట్క లోపలికి విసిరి, థూ అని ఉమ్మి, వెనక్కి తిరిగేవాడు. ఐలవ్వ మాత్రం మందు రాస్తూ అక్కడే కూర్చునేది.

నెల తిరిగేసరికి కుక్కలకు బొచ్చు మొలిచింది. ఊళ్లో అందరి వంతూ అయిపోయింది, భూపతిది తప్ప.

“నువ్వు గూడ ఒక్కపారి పోయిరారాదుర,” అన్నాడు రాజమల్లయ్య.

“నా అన్నను తిన్నయాటికి నేను గట్క పెట్టాల్నా? పానం పోయినా పెట్ట!”

నిజమే, ఆ కుక్కలు బతికి ఉండగా భూపతికి కంటి మీద కునుకు లేదు. తిండి సహించడం లేదు. ఐలవ్వ ఇంటి వెనక నుంచి పోవాల్సి వస్తే పొలాలకు అడ్డంపడి చుట్టు తిరిగి పోతున్నాడు. వాటి అరుపు వినబడితే చాలు, ఒళ్లంతా చెమటలు. ఇలా ఎన్నాళ్లు? ఆఖరికి విషపు ముష్టి గింజలు నూరి పొడి చేశాడు.

సిద్దిపేట అంగడి రోజు వచ్చింది. ఊరు ఊరంతా బండ్లెక్కి పోయింది. ఐలవ్వ కూడా నెత్తిన గంప పెట్టుకుని పోవడం కళ్లారా చూశాడు. పట్టపగలే వాడకట్టులో నరమానవుడు లేడు. విషం కలిపిన గట్క గిన్నెను తువ్వాల కింద దాచుకుని వచ్చి, దడి తలుపు తీశాడు భూపతి. చూసేవాళ్లెవరున్నారు గనక, అని తనకు తానే చెప్పుకుని లోపల కాలు పెట్టాడు.

అయిదు కుక్కలూ ఒక్క ఉదుటున అతని మీదికి దూకాయి. గిన్నె చేతిలోంచి జారిపోయింది.

కొట్టం వెనక నుంచి రాజమల్లయ్య లేచి నిలబడ్డాడు. అతని వెంట ఇంకో పదిమంది. ఐలవ్వ మాట మీద, అంగడికని బయల్దేరి చుట్టు తిరిగి వచ్చినవాళ్లు. ఐలవ్వ ముందుకొచ్చి గట్కను కాలితో మట్టిలో కలిపేసింది. కుక్కలు దాని వంక చూడను కూడా లేదు.

“సూడుండ్రి,” అంది ఐలవ్వ, “మీ అందర్నీ పీకబోయిన కుక్కలు ఈని కాళ్లు నాకుకుంట తోకలాడిస్తున్నయి, ఎందుకంటె దొరకు అమ్ముడువోయి, గడీల దొంగతనంగ కూడు వెట్టి సాకి, ఈటిని నా మొగని మీదికి ఇడిసింది ఈడే!”