రాకాసి పాము ఆయుష్షు

"బోనస్ ఒక్కసారే కలుస్తది బీరన్నా. మూడు బాణాలకు మూడుసార్లు కలువది," అన్నాడు మునీర్, కిటికీ పక్కన బల్ల మీద కూర్చుని.

మంచం మీది బీరయ్య ఒప్పుకోలేదు. తాండూరు బండల గనిలో రాయి కొట్టీ కొట్టీ ఊపిరితిత్తుల్ని దుమ్ముకు అప్పజెప్పి, వికారాబాద్ గుట్ట మీది ఆసుపత్రిలో పడ్డ మనిషి. మనిషి చిక్కాడు గానీ పట్టు చిక్కలేదు. గనిలో దసరా బోనస్ మనిషి మనిషికీ ఇస్తారా, అందరికీ కలిపి ఒక్కటిచ్చి పంచుకోమంటారా అని నిలదీశాడు. ఆ ఒక్క మాటకే ఆయాసం వచ్చింది.

ఆదివారం ఆదివారం చూడవచ్చే నేస్తం మునీర్, బొంబాయి రేవులో పనిచేసి వస్తూ, ఎవరో నావికుడు పారేసిన ఇంగ్లీషు పుస్తకం తెచ్చుకున్నాడు. ఇది అందులోని ఆటే. బీరయ్య మాంత్రికుడు. గుహలో రాకాసి పాము. మంత్రం వేస్తే మూడు అగ్గిబాణాలు పోతాయి, బాణానికో పాచిక. ఎన్ని చుక్కలు పడితే పాము ఆయుష్షు అంత తగ్గుతుంది. మాంత్రికుడి విద్యకు పైన నాలుగు బోనస్. తగాదా అంతా ఆ నాలుగు దగ్గరే.

నిజానికి పుస్తకంలో ఉన్నది బీరయ్య అన్నట్టే. ప్రతి బాణానికీ నాలుగు కలపాలి. మునీర్ కావాలనే తప్పు చెబుతూ వస్తున్నాడు. పాము చచ్చిన మర్నాడే మందులకు దండం పెట్టి ఇంటికి పోతానని బీరయ్య మొదట్లోనే తెగేసి చెప్పాడు మరి. మొండివాడు రాజు కంటే బలవంతుడు, అన్నంత పనీ చేస్తాడు. పాము బతికినన్నాళ్లే ఈ మనిషి మందు మింగుతాడు.

కానీ ఇందాక వరండాలో డాక్టరు మునీర్‌ను పక్కకు పిలిచాడు. ఇక మందులతో అయ్యేదేమీ లేదని, ఇంటికి తీసుకుపోవాలనుకుంటే తీసుకుపొమ్మని చెప్పాడు. ఇంతసేపూ అలవాటు కొద్దీ పాత మాటే అన్నాడు గానీ, ఇంకెవరి కోసం ఆ పామును కాపాడాలి? మునీర్‌కు దుఃఖం ముంచుకొచ్చింది. పోయేవాణ్ని గెలిచి పోనిద్దాం అనుకున్నాడు. పుస్తకం తెరిచి, కాసేపు వెతికినట్టు నటించి, పొరపాటు తనదేనని, బోనస్ బాణం బాణానికీ కలుస్తుందని ఒప్పుకున్నాడు.

బీరయ్య ముఖంలో సంతోషం కనిపించలేదు. మునీర్ వైపు తిరిగి అడిగాడు.

"ఇన్నొద్దులు ఒక్క చుక్కగూడ ఇడ్సిపెట్టనోడివి, ఇయ్యాల రూలే మార్చినవ్. డాక్టర్ ఏమన్నడు?"

"డాక్టర్‌కు ఆట సంగతేం ఎర్క? నువ్వు పాచికలు ఎయ్యి."

పాముకు మిగిలిన ఆయుష్షు పదహారు. మూడు బాణాల బోనసే పన్నెండు. మూడు పాచికల మీదా ఒక్కొక్క చుక్కే పడితే తప్ప ఆ పాము బతకదు.

బీరయ్య తలగడ పక్కన ఒక నీలిబండ ముక్క ఉంది. ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు తానే కోసి నునుపు చేసుకున్నది. పాచికలు వేసేది దాని మీదే. చూడవచ్చినవాళ్లను నర్సు మార్త మంచం దగ్గరికి రానివ్వదు కాబట్టి మునీర్‌కు చుక్కలు కనబడవు. వేసినవాడి మాటే మాట. పాచికల దగ్గర మోసం చేసేవాడితో ఆడనని ఆట మొదలైన రోజే అన్నవాడు బీరయ్య.

పాచికలు బండ మీద దొర్లిన చప్పుడైంది. బీరయ్య తల తిప్పి వాటిని చూశాడు. తర్వాత వాటి మీద అరచెయ్యి కప్పాడు.

"ఒకటి. ఒకటి. ఇంకోటి గూడ ఒకటే."

దరిద్రుడు తల కడగబోతే వడగళ్ల వాన అంటారే, అదే అయింది. ఆ దేవుడికి ఇంత దయ కూడా లేకపోయిందే అని మునీర్ కుమిలిపోయాడు. చెయ్యి జారిందనుకుని మళ్లీ వెయ్యమని బతిమాలాడు. బీరయ్య వినలేదు.

"పాముకు ఇంకొక్క పానం ఉన్నది. వచ్చే ఆదివారం కొడ్త. నువ్వు తప్పకుండ రావాలె. అది సావకముందు నేను యాడికి వోను."

అంటూనే దగ్గు తెర కమ్ముకుంది. మార్త పరుగున వచ్చి, మూతి తుడిచి, సూది వేసింది. కాసేపటికి బీరయ్య కళ్లు మూతపడ్డాయి. ఆ రొమ్ము ఎగిరిపడే తీరు చూస్తే ఆదివారం చాలా దూరంగా కనిపించింది. మునీర్ కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు.

పక్క సర్దుతూ మార్త బండ మీది చెయ్యిని మెల్లగా తీసి దుప్పటి కింద పెట్టింది. పాచికల్ని వింతగా చూసి, మునీర్‌ను అడిగింది.

"మునీర్ భాయ్, గీ ఆటల ఆరు పడ్తె ఓడినట్టా? మూడిటి మీద ఆరే ఉన్నయ్."