డోర్కస్‌ని లేపకండి

టిల్లీ నోటుపుస్తకంలో డోర్కస్ బరువు దగ్గర గ్రూబర్ టీచర్ ఆగింది.

"'తూకం కుదరలేదు. తూచాలంటే లేపాలి,'" అని పైకి చదివి, కళ్లజోడు మీదుగా టిల్లీని చూసింది. "అంత నిద్రా అమ్మా మీ టెడ్డీకి?"

"చలికాలమంతా ఎలుగుబంట్లు నిద్రపోతాయి కదండీ," అంది టిల్లీ. ఆ పిల్లకి ఏడేళ్లు.

టిల్లీ తాతయ్య ఎల్వుడ్ కాఫీ పోస్తున్నాడు. ఈ మూడు నెలల ఇంటి చదువు సాగనివ్వాలో వద్దో ఈ టీచరమ్మే చెప్పాలి. సంతకం పెట్టకపోతే మనవరాలు మళ్లీ బడి బస్సెక్కాలి. కొండ దిగడానికి గంట, ఎక్కడానికి గంట. కిందటి వేసవిలో వాళ్ల అమ్మమ్మ లోరెట్టా పోయాక టిల్లీ ఆ బళ్లో నాలుగు నెలలు కూర్చుంది. నాలుగు నెలలూ నోరు విప్పలేదు. ఇంట్లోనూ అంతే. తల్లి లారీ తోలుతుంది, శని ఆదివారాలే ఇంటికొస్తుంది. అందుకని జనవరిలో ఎల్వుడ్ తనే పంతులయ్యాడు.

పాఠాలు మాత్రం అతనివి కావు, లోరెట్టావి. పోయే ముందు మనవరాలి కోసం 'టెడ్డీ వారం' అని పద్నాలుగు కాగితాలు రాసిపెట్టింది. టెడ్డీని కొలవండి. ఏం తింటుందో రాయండి. పడక బొమ్మ గీయండి. తన పాత కోటు కత్తిరించి టెడ్డీని, అంటే బొమ్మ ఎలుగుబంటిని, కూడా కుట్టింది.

"పై గదిలో పెట్టెలో ఉంది, తెచ్చుకో," అన్నాడు ఎల్వుడ్. అతని మోకాళ్లు మెట్లెక్కవు.

ఆ సాయంత్రం టిల్లీ మొదటి కాగితం నింపి తెచ్చి, "డోర్కస్," అంది. "దాని పేరు."

ఆరు నెలల తర్వాత టిల్లీ నోట వినపడ్డ మొదటి మాట అది. ఆ పేరే ఎందుకని అతను అడగలేదు. వారం అనుకున్న పాఠం పదకొండు వారాలు సాగింది. ఇప్పుడు మార్చి నెలాఖరు.

టీచర్ పేజీ తిప్పింది. "పాదం ఏడంగుళాలా? పెద్ద బొమ్మే."

"మా ఆవిడ కుట్టిందండీ," అన్నాడు ఎల్వుడ్. "ఆమె ఏదీ చిన్నగా చేసే రకం కాదు."

"'తిండి: డిసెంబరులో పిట్టల గింజలు. ఇప్పుడు ఏమీ లేదు.' అవునూ, వసారాలో పిట్టలకి గింజలు పెట్టే డబ్బా ఏదండీ? కొక్కెం ఒక్కటే వేలాడుతోంది."

"డిసెంబరులోనే గాలికి ఊడిపడి ముక్కలైంది."

"'ఊపిరి: నిమిషానికి రెండు.'" టీచర్ నవ్వింది. "లెక్కపెట్టావా తల్లీ?"

"రోజూ. తాతయ్య గడియారం పెట్టుకుని."

"నిజమేనండీ," అన్నాడు ఎల్వుడ్. "వసారా చెక్కల మీద బోర్లా పడుకుంటుంది. డోర్కస్ పడక ఆ చెక్కల కిందే వేసిందట. సందులోంచి దారం వదిలి కొలుస్తుంది. నేను వంగి చూద్దామంటే మోకాళ్లు ఒప్పుకోవు."

"ఒప్పుకున్నా నేను చూడనివ్వను," అంది టిల్లీ.

తర్వాతి పేజీలో లెక్క ఉంది. సోమవారం 1. మంగళవారం 1 + 2 = 3. పక్కన బంగాళదుంపల్లాంటి బొమ్మలు రెండు.

"ఈ రెండూ ఎక్కడివమ్మా?"

"డోర్కస్‌వే. నిద్రలోనే వచ్చాయి."

టీచర్ ఎల్వుడ్ వైపు చూసింది. అతను గొంతు తగ్గించి, "నా గోధుమరంగు మేజోళ్ల జత జనవరి నుంచి కనపడటం లేదండీ," అన్నాడు.

"అదన్నమాట." ఆమె కూడా గొంతు తగ్గించింది. "మా వాడు నా చేతితొడుగులతో కుందేళ్లు చేశాడు. ఆ చలికాలమంతా చేతులు జేబుల్లోనే." నోటుపుస్తకం మూసి లేచింది. "ఒక్కసారి డోర్కస్‌ని చూపించమ్మా. మెల్లగానే చూస్తాను."

"కుదరదండీ. మొదటి పేజీలోనే రాశాను కదా. ఏప్రిల్ దాకా ఎవరూ లేపకూడదు."

"నేను పెద్ద టీచర్ని కదా."

"అయినా."

ఎల్వుడ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. బళ్లో నాలుగు నెలలు నోరు మెదపని పిల్ల, బడి బస్సుకీ తనకీ మధ్య ఉన్న ఒకే ఒక్క మనిషికి ఎదురు చెప్పింది. అతనికి భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా సంతోషం వేసింది.

గ్రూబర్ టీచర్ కలం తీసి, చివరి పేజీలో రాసింది. 'లెక్కలు: బాగున్నాయి. చేతిరాత: పర్వాలేదు. ఊహాశక్తి: నా ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఇలాంటిది చూడలేదు.' కింద సంతకం పెట్టింది.

వసారాలో టీచర్ బూట్లకంటిన మంచు దులపడానికి కాలెత్తిందో లేదో, టిల్లీ వేలు పెదవుల మీద పెట్టుకుంది. పదకొండు వారాలుగా ఆ చెక్కల మీద కాలు గట్టిగా వేసిన వాళ్లు లేరు. టీచర్ కూడా నవ్వుకుంటూ మునివేళ్ల మీద కారు దాకా నడిచి, తలుపు చప్పుడు కాకుండా మూసుకుని వెళ్లింది.

ఎల్వుడ్ నోటుపుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. ఇది లోరెట్టా పెట్టెలో ఉండాల్సింది అనిపించింది. ఆమె పోయాక మొదటిసారి మెట్లెక్కాడు. ఒక్కో మెట్టూ, పక్క కమ్మీ పట్టుకుని, మధ్యలో మోకాళ్లను బతిమాలుకుంటూ.

పై మెట్టు పక్కన బట్టల బుట్ట వెనక అతని గోధుమరంగు మేజోళ్ల జత పడి ఉంది. దుమ్ము దులిపి జేబులో పెట్టుకున్నాడు.

కింద వసారాలో టిల్లీ చెక్కల సందుకి నోరు ఆనించి గుసగుసగా చెబుతోంది. "మనం పాసయ్యాం. పడుకో."

ఎల్వుడ్ పెట్టె మూత ఎత్తేసరికి, 'టిల్లీకి' అన్న చీటీతో, లోరెట్టా కట్టిన నీలం రిబ్బను ముడి ఇంకా విప్పనైనా విప్పకుండా, కోటు గుడ్డ టెడ్డీ అక్కడే ఉంది.