కంప్యూటర్‌లో ఫెయిల్

“ఒక్క తల్లి, ఒక్క తండ్రి వచ్చి అడిగారా అమ్మా నీ సబ్జెక్టు గురించి?” అన్నాడు బడి కరస్పాండెంట్ వెళ్లైచామి.

తేన్‌మొళి తల వంచుకుని నిలబడింది. ఎవరూ రాలేదన్న సంగతి ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు.

“లెక్కల్లో అర మార్కు తగ్గితే గేటు దగ్గర గొడవ. ఇంగ్లీషులో తగ్గితే ఆడవాళ్లు చంకలో పిల్లతో సహా దిగుతారు. నీ పేపర్లో సగం క్లాసు తప్పింది. ఈ కోవిల్‌పట్టిలో ఒక్క కాకి కూడా అరవలేదు. ఎవరూ పోట్లాడని దాన్ని ఆరో సబ్జెక్టు అని ఎలా అనమంటావు? వచ్చే నెల నుంచి తీసేద్దాం. నీ ఉద్యోగానికేం భయం లేదు. ఆఫీసులో కూర్చుని అందరి మార్కులూ ఎక్కించు. ఇప్పుడు చేస్తున్నదేగా.”

“మార్కులు ఎక్కించడానికి బీఎడ్ చదవలేదయ్యా.”

“మా అల్లుడు లా చదివాడు. బెల్లం మండీలో కూర్చోలేదూ?”

ఆమెకు నవ్వు రాలేదు. తొమ్మిదో తరగతిలో కంప్యూటర్ సైన్స్‌ను లెక్కలతో సమానంగా పెట్టించింది ఈయనే. జూన్‌లో టైంటేబుల్ అంటించిన రోజు పని లేకపోయినా ఆమె నోటీసు బోర్డు ముందు నుంచి అటూ ఇటూ నడిచింది. పీరియడ్ అయితే వచ్చింది గానీ, దాన్ని లెక్కల సారు జ్ఞానదురై అప్పు అడగని వారం లేదు. “ఇచ్చేయండి టీచర్, మీదేముంది, మిషన్లు ఎక్కడికీ పారిపోవుగా” అనేవాడు. స్టాఫ్ రూములో మిగతావాళ్లంతా తల్లిదండ్రుల పోరు పడలేకపోతున్నామని విసుక్కుంటుంటే, ఆమె పెరుగన్నం తింటూ వినేది, పిలుపు లేని పెళ్లి కబుర్లు విన్నట్టు. తనతో కూడా ఎవరైనా వచ్చి పోట్లాడితే ఎంత బాగుండును.

“అయ్యా, ఈ ఏడాది పూర్తయ్యేదాకా ఉంచండి,” అంది.

“దేనికి? ఎవరి కోసం?”

బయట కుర్చీ పడిన చప్పుడైంది. “ఆగు అణ్ణాచ్చి, ఆగన్నా, లోపల మీటింగ్” అని వాచ్‌మన్ అరుస్తూనే ఉన్నాడు. తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. బస్టాండు వెనక వేరుశనగ చిక్కీలు చేసే మాడసామి. చేతులకు పాకం, పాకానికి పల్లీ పొట్టు. పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు.

“కంప్యూటర్ టీచర్ ఎవరు?”

“నేనే.”

“మా పిల్ల కంప్యూటర్‌లో ఫెయిల్ అని వచ్చింది. నిన్నటి నుంచి అది ముద్ద ముట్టలేదు. ఇదేం న్యాయం టీచర్?”

వాచ్‌మన్ అతని భుజం పట్టుకున్నాడు. “వదలండి,” అంది తేన్‌మొళి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “ఏమన్నారు? ఇంకోసారి చెప్పండి అణ్ణాచ్చి.”

“చెవుడా మీకు? కంప్యూటర్‌లో ఫెయిల్.”

వెళ్లైచామి కుర్చీలో ముందుకు జరిగాడు. “ఏం మాడసామీ, కంప్యూటర్‌లో తప్పినందుకా ఇంత రభస?”

“ఏంటయ్యా అలా అంటారు? వీధంతా చెప్పుకుంటున్నారు. మా ఆవిడ పాకం పొయ్యి మీదే వదిలేసి ఏడుస్తా కూర్చుంది. ఒక మూకుడు పాకం మాడి బొగ్గయింది. పెద్ద చదువులు చదవాల్సిన పిల్లయ్యా అది. ఇక్కడే తప్పితే రేపు ఎవడు సీటిస్తాడు?”

“అదీ నిజమే,” అన్నాడు వెళ్లైచామి మెల్లగా.

తేన్‌మొళి కుర్చీ లాగి వేసింది. “కూర్చుని తిట్టండి అణ్ణాచ్చి. నీళ్లు తాగుతారా?”

మాడసామి బిత్తరపోయాడు. తిట్టడానికి వచ్చినవాడికి ఇంత మర్యాద అతను ఏ ఆఫీసులోనూ చూసి ఉండడు. “తిట్లేం లేవు టీచర్. పిల్లకు న్యాయం చెయ్యండి, అంతే,” అని కుర్చీ అంచున కూర్చున్నాడు.

వెళ్లైచామి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

“సరేనమ్మా. పొయ్యి మీద పాకం వదిలేసి జనం పరిగెత్తుకొచ్చారంటే అది సబ్జెక్టే. ఉంచుదాం. హెడ్‌మాస్టర్‌కి చెప్పొస్తాను.” గుమ్మం దగ్గర ఆగి, “నీ పీరియడ్ ఇక జ్ఞానదురైకి ఇవ్వకు,” అని వెళ్లిపోయాడు.

తేన్‌మొళి కళ్లు తుడుచుకుంది. ఎంత దాచినా నవ్వు ఆగలేదు.

“పిల్లను సాయంత్రం బడి వదిలాక నా దగ్గరే ఉంచండి. నేను దగ్గర కూర్చుని నేర్పిస్తాను. పేరేంటి?”

“ముత్తుసెల్వి. తొమ్మిది బి.”

ఆమె నవ్వు ఆగింది. ముత్తుసెల్వి పేపరు ఆమె మరిచిపోలేదు. క్లాసంతా పుస్తకంలో ఉన్నది దింపితే, ఆ పిల్ల ఒక్కతే సొంతంగా ప్రోగ్రాం రాసింది. అది దిద్దిన రోజు తేన్‌మొళి బస్సులో ఇంటికి వెళ్తూ, తన భాష తెలిసిన మనిషి ఒకరు ఊళ్లో దొరికినట్టు పొంగిపోయింది.

“ఎవరో పొరబాటుగా చెప్పారు అణ్ణాచ్చి. కంప్యూటర్‌లో మీ అమ్మాయే ఫస్టు.”

మాడసామి పాకం అంటిన వేళ్లతో ఫోను తీసి, బడి నుంచి వచ్చిన మెసేజ్ ఆమె ముందు పెట్టాడు.

“లెక్కల్లో, టీచర్. లెక్కల్లో ఫెయిల్ అని మీ కంప్యూటర్‌లోంచే వచ్చింది, చూడండి. లెక్కల సారును అడిగితే, ఎక్కించింది మీరేనని ఇటు పంపాడు.”

అంతలో ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి, వింతగా ఆమె వైపు చూశాడు.

“అయినా ఫస్టేంటి? కంప్యూటర్‌కి కూడా పరీక్ష పెడతారా?”