రాక్షసుడి తల

“చింపెయ్.”

మేడం ఆ ఒక్క మాటా అని కత్తెర బల్ల మీద పెట్టింది. పిచ్చుక అని అందరూ పిలిచే పిల్ల చేతుల్లో ఉన్నది రాక్షసుడి తల. పాత పేపర్లు మైదా జిగురుతో పొర మీద పొర అతికించి, ఎండబెట్టి, రంగులేసి, కోరలు పెట్టిన తల. పిచ్చుకకూ దానికీ పోలిక పెడితే అదే పెద్దది. దాన్ని చింపమనడం ఇది మూడోసారి.

కుట్టు మిషను ముందు కూర్చున్న దర్జీకి ఒళ్లు మండింది. పేటలో పిల్లలకూ పెద్దలకూ పాటలు, బొమ్మలాట ఊరికే నేర్పే ఆ మేడం సంస్థలో అతను చేరి ఇంకా నెల కాలేదు. బొమ్మలకు బట్టలు కుట్టడం అతని పని. ఒకరి గొడవల్లో తలదూర్చడం జీతం లేని పని. రెండోదే అతనికి బాగా వచ్చు.

“బాగానే ఉంది కదండీ!” అన్నాడు.

“బరువుంది. ఊడిపడితే ముందు వరసలో కూర్చునేది చిన్నపిల్లలు,” అని మేడం పిచ్చుక వైపు తిరిగింది. “నువ్వు పొరలు తగ్గించు. లోపల ఇనప తీగ తీసేసి వెదురు బద్దలు పెట్టు. నిన్న డబ్బాలో సగం అలాగే వదిలేశావు. ముందు తిని, తర్వాత పని చెయ్యి.”

“అలాగే మేడం,” అంది పిచ్చుక.

ఆఖరికి తిండి డబ్బాల మీద కూడా నిఘాయే అనుకున్నాడు దర్జీ.

కాలేజీ నుంచి ఇంటర్న్‌షిప్‌కి ఇద్దరొచ్చారు. తాడిచెట్టులా ఉన్న కుర్రాడికి నిచ్చెన అనీ, గుప్పెడంత ఉన్న ఈ పిల్లకి పిచ్చుక అనీ అక్కడివాళ్లు పేర్లు పెట్టేశారు. నిచ్చెనతో మేడం, “మీరు ఆ తెర తాడు కాస్త చూస్తారా?” అని మర్యాదగా అడుగుతుంది. పిచ్చుక దగ్గరికొచ్చేసరికి నువ్వు, చెయ్యి, చింపెయ్. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటే ఇదే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ప్రదర్శన ముందురోజు మేడం ఇంకో మాటంది.

“నిచ్చెనకు మార్కులు వేసేశాను. ఈ అమ్మాయికి మాత్రం నేను వెయ్యను. కాలేజీ నుంచి లెక్చరర్‌గారిని రమ్మన్నాను. రేపు ఆట చూసి ఆయనే వేస్తారు. బాగుంటే పాస్, లేకపోతే లేదు.”

లేకపోతే ఏడాది పోయినట్టే. దర్జీ ఉండబట్టలేక పిచ్చుకను పక్కకు పిలిచాడు.

“ఇదెక్కడి న్యాయం తల్లీ? మీ అమ్మను తీసుకొచ్చి గట్టిగా అడిగించు.”

“మా అమ్మా? ఆవిడెప్పుడూ మేడం పక్షమే బాబాయ్.”

“చూడలేదు కాబట్టి అలా అంటోంది. కన్నతల్లి ఒక్కరోజు ఇక్కడ కూర్చుంటే ఇలా జరగనిచ్చేదా?”

పిచ్చుక గబుక్కున జిగురు గిన్నె మీదికి వంగిపోయింది. భుజాలు అదురుతున్నాయి. పాపం, ఏడుస్తోందని దర్జీ తన జేబురుమాలు ఇచ్చాడు.

మర్నాడు సాయంత్రం హాలు కిటకిటలాడింది. లెక్చరర్ మధ్య వరసలో కూర్చున్నాడు. మేడం మాత్రం కూర్చోకుండా తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని కాచుకుంది కాబోలు అనుకున్నాడు దర్జీ.

తెర లేచింది. రాక్షసుడు ఊగుతూ వచ్చాడు. ఆ నిలువెత్తు అంగీ లోపల దూరి నడిపిస్తున్నది పిచ్చుకే.

“ఈ పేటలో ఎవరు నవ్వినా నమిలేస్తా!” అని రాక్షసుడు గర్జించి ముందుకు వంగాడు.

మెడ దగ్గర కట్టు తెగింది. తల ఊడి ముందు వరసలో ఒక చిన్నపిల్ల ఒళ్లో పడింది. దర్జీ గబుక్కున లేచి నిలబడ్డాడు. కానీ ఆ పిల్ల కోరలున్న తలను ఒంటిచేత్తో పైకెత్తి చూపించింది. దెబ్బ తగిలితే కదా!

అప్పుడు తల లేని అంగీలోంచి గొంతు వినిపించింది.

“ఒరేయ్, నా తల ఎవరు తీశార్రా? తల లేకుండా ఎలా నమిలేది?”

పిల్లలు ఘొల్లుమన్నారు.

“ఎవర్రా నవ్వింది? మీ అదృష్టం, కళ్లు కూడా దాంతోనే పోయాయి! మర్యాదగా నా తల నాకిచ్చేయండి, మిమ్మల్నేమీ అనను!”

ఇంకేముంది, తల చేతుల మీద ప్రయాణం కట్టింది. ముందు వరస నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. మధ్యలో లెక్చరర్ దాన్ని పట్టుకుని తేరిపార చూస్తుంటే, “సార్, అది మీది కాదు, ఇచ్చేయండి!” అని ఒక బుడ్డోడు అరిచాడు. చివరికి తల వేదిక ఎక్కింది. రాక్షసుడు దాన్ని పాపాయిలా గుండెకు హత్తుకుని తానూ పకపకా నవ్వాడు. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నిచ్చెన అయితే తెర దించడమే మర్చిపోయాడు.

లెక్చరర్ నేరుగా వేదిక దగ్గరికే వచ్చాడు.

“తల పడిపోవడం ముందే అనుకున్నదేనా?”

“లేదు సార్. ఊడిపోయింది,” అంది పిచ్చుక అంగీలోంచి.

“ఊడినా ఆట ఆగలేదు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఎన్ని మార్కులుంటే అన్నీ వేస్తున్నానమ్మా!”

ఇక దర్జీని పట్టడం ఎవరి తరం? కాలరెగరేసుకుంటూ మేడం ఎదుటికి వెళ్లాడు.

“చూశారా? మీరు వెయ్యనన్న మార్కులు ఆయన వేశారు. ఆ పిల్ల గెలిచింది. ఇప్పుడైనా ఒక మంచి మాట అనండి!”

మేడం కళ్లు నిండిపోయి ఉన్నాయి. దర్జీ కంగారుపడ్డాడు.

“నేను వేసుంటే ఆ గెలుపు ఎవరు నమ్మేవాళ్లండీ?” అంది ఆమె.

అదేం మాటో అతనికి అర్థం కాలేదు. ఆమె మెడలోంచి ఆఫీసు బ్యాడ్జి తీసి సంచిలో వేసుకుంది. ఇంతలో రాక్షసుడి అంగీలోంచి బయటపడ్డ పిచ్చుక, జుట్టంతా చెమటతో, పరుగెత్తుకొచ్చి మేడం మెడకు చుట్టుకుపోయింది.

“అమ్మా, ఇంటికి పద, ఆకలేస్తోంది!”