కుడికాలి బొటనవేలు

"నేను రాను మామ్. ఆ రిజల్యూషన్ పేపర్ మెయిల్ చేయమను," అన్నాడు వేణుమాధవ్, సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకునే.

జయంతి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అదేంట్రా! స్టేట్ హౌస్‌లో, అసెంబ్లీ అంతా వింటుంటే, నీ పేరు చదువుతారు. ప్లేనోలో పుట్టిన కుర్రాడు మేజర్ అయ్యాడు, ఆర్మీ కాలేజ్‌లో మాస్టర్స్ చేశాడు అని రిజల్యూషన్ పాస్ చేస్తున్నారు. మీ డాడీ లీవ్ కూడా పెట్టేశారు."

"చదివాక గేలరీలో లేచి నిలబడాలి. అందరూ నన్నే చూస్తారు. అప్పుడు కాలు పట్టేస్తే? అక్కడే పడిపోతాను."

సోఫా చివర కూర్చున్న జయంతి తల్లి సీతమ్మ అందుకుంది.

"పట్టేస్తే నేనుంటానుగా, నాన్నా!"

అదేం నొప్పో గానీ, సరిగ్గా దీపాలు పెట్టే వేళకి, నలుగురిలో ఉంటే వేళకాని వేళకి కూడా, చుట్టంలా వచ్చి కూర్చునేది. కుడికాలి బొటనవేలు లోపలికి వంకర తిరిగిపోయేది. ఆరడుగుల మనిషి, ఇరాక్ యుద్ధం చూసొచ్చిన మనిషి, పసివాడిలా దిండు కొరికేవాడు. మందులిచ్చారు. కరెంటు పెట్టారు. డాక్టర్లు చూసి చూసి, చివరికి అక్కడేమీ లేదన్నారు.

సీతమ్మ మాత్రం దుప్పటి కిందకి చెయ్యి పోనిచ్చి పట్టేది. ముందు మడమ, తర్వాత అరికాలు, ఆఖర్న బొటనవేలు. మొరాయించిన తాళం తీసినట్టు, నెమ్మదిగా వంకర తీసేది. కన్నపిల్లలకీ, మంచాన పడ్డ అత్తగారికీ కాళ్ళు పట్టిన చేతులవి. ఏ వేలు ఎక్కడుంటుందో వాటికి చూడక్కర్లేదు.

"అమ్మమ్మా, ఇసుక," అనేవాడు ఒక్కోసారి. "వేళ్ళ మధ్య. హాట్‌గా ఉంది."

టెక్సాస్‌లో, కార్పెట్ పరిచిన ఇంట్లో ఇసుకెక్కడిది? ఆవిడ ఆ మాట అనేది కాదు. కొంగుతో ఒక్కో వేలూ తుడిచి, పెరటి తలుపు తీసి, కొంగు దులిపి వచ్చేది. అది చూడలేక జయంతి మేడమీదకి వెళ్ళిపోయేది.

ఆ సాయంత్రం మాత్రం మెట్ల దగ్గర ఆగింది. "అమ్మా, నువ్విలా చేస్తుంటే వాడు ఎప్పటికీ మర్చిపోడు."

"మర్చిపోనిది వాడు కాదే, ఈ కాలు," అంది సీతమ్మ, పట్టడం ఆపకుండా. మనవడి వైపు తిరిగింది. "అయినా యుద్ధానికి వెళ్ళొచ్చినవాడివి, మళ్ళీ యుద్ధం గురించి చదవడమేంట్రా? వండి వార్చాక వంటల పుస్తకం కొన్నట్టు!"

వేణు నవ్వాడు. "మాడిపోయింది కదా అమ్మమ్మా. ఎందుకు మాడిందో చూడాలి. ఒక రోడ్డు గురించి రాశాను. టూ హండ్రెడ్ పేజెస్."

"ఒక్క రోడ్డుకా!"

ఆవిడకి ఆ రోడ్డు తెలియకపోలేదు. నిద్రలో దాని పేరే కలవరించేవాడు. తనదేదో అక్కడ పడిపోయినట్టు, కారు వెనక్కి తిప్పమని ఎవరినో బతిమాలేవాడు.

"సరే, పద," అంది. "పక్కనే కూర్చుంటా. నిన్ను పడనిస్తానా?"

ఏప్రిల్‌లో ఒక పొద్దున్నే శ్యామ్‌సుందర్ అత్తగారినీ, భార్యనీ, కొడుకునీ ఎక్కించుకుని ఆస్టిన్‌కి డ్రైవ్ చేశాడు. గేలరీలో వేణు యూనిఫాంలో, అద్దంలా మెరిసే నల్లబూట్లలో కూర్చున్నాడు. పక్కనే సీతమ్మ, జరీచీర మీద స్వెట్టర్ వేసుకుని.

కింద సభలో ఒకాయన కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో "వీనూ మాడవ్" అని వినబడింది.

"అదెవరే?"

"నీ మనవడే. ఊరుకో అమ్మా."

వేణు నుదుటి మీద చెమట పట్టింది. కుర్చీ చేతిని బిగించి పట్టుకున్నాడు. "అమ్మమ్మా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "వచ్చింది."

కింద ఆయన చదవడం ముగించి, గేలరీ వైపు చెయ్యి చాచాడు. సభంతా ఇటు తిరిగింది.

సీతమ్మ సీట్ల మధ్య నేల మీదకి దిగి కూర్చుంది. నల్లబూటు మీద రెండు చేతులూ వేసింది. మడమ. అరికాలు. బొటనవేలు.

"వదులు," అంది, వేణుతో కాదు. "నా పిల్లణ్ణి ఈ ఒక్కపూటకీ వదులు."

వేణు లేచి నిలబడ్డాడు. చప్పట్లు ఆగేదాకా నిలబడే ఉన్నాడు.

పార్కింగ్‌లో శ్యామ్‌సుందర్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. అమ్మమ్మా మనవడూ వెనక సీట్లోకి ఎక్కారు.

"ఇంకా ఉందా, నాన్నా?"

"కొంచెం."

తలుపు పడగానే వేణు ప్యాంటు పైకి మడిచి, కుడికాలిని మోకాలి కిందనుంచి బూటుతో సహా ఊడదీసి పక్కన పెట్టాడు; సీతమ్మ ఆ ఖాళీలోకి, ఉత్తగాలిలోకి చెయ్యి చాచి, వెతుక్కోకుండానే బొటనవేలు పట్టుకుంది.