రేటింగుల రాయుడి తాబేళ్ళు

అటవీశాఖవాళ్ళు రెండు నక్షత్ర తాబేళ్ళను ప్లాస్టిక్ తొట్టితో సహా లిఫ్టు ఎక్కిస్తుంటే, ఫ్లాట్లవాళ్ళంతా తలుపులు బార్లా తీసుకుని చూశారు. తొట్టి పట్టుకున్న ఉద్యోగులు ముందు, వాళ్ళ ఆఫీసరమ్మ వెనక. ఆ వెనక బనియన్ మీద ఇంటాయన.

ఆయన్ని చాటుగా అందరూ రేటింగుల రాయుడంటారు. లోకంలో ఉన్న ప్రతిదానికీ నక్షత్రాలు వేయడానికే తను పుట్టానని ఆయన నమ్మకం. హోటల్లో నీళ్ళు చల్లగా లేకపోయినా, కొన్న సబ్బు మీద గీత ఉన్నా ఆయన ఫోనుకి విశ్రాంతి ఉండదు. వాచ్‌మన్ సెల్యూట్‌కి కూడా అయిదుకి మూడే. అంతకు మించి ఇస్తే నెత్తికెక్కుతారట.

"ఊళ్ళో దొంగలూ దోపిడీగాళ్ళూ దొరక్క తాబేళ్ళ వెంట పడ్డారా?" అన్నాడు.

"తాబేళ్ళు పరిగెత్తవు కదండీ, అందుకని దొరికాయి," అంది ఆఫీసరమ్మ. తర్వాత తాపీగా చట్టం చెప్పింది. వన్యప్రాణిని ఆన్‌లైన్లో అమ్మడం ఎంత నేరమో కొనడమూ అంతే నేరం. కేసు పెడతారు, జైలుశిక్ష పడినా పడొచ్చు.

రాయుడు అవేవీ విన్నట్టు లేడు. ఎవరు చెప్పారో చెప్పమన్నాడు. పేరు తమకే తెలియదందావిడ. ఫిర్యాదు చేసినవాళ్ళ వివరాలు పైవాళ్ళే దాచేసి, అడ్రసూ ఫోటో మాత్రం పంపుతారట. ఫోటో అని నోరు జారినందుకు ఆవిడ నాలుక కరుచుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

ఫోటో అంటే ఇంట్లో తీసిందే. ఆ తొట్టి ఏనాడూ స్నానాలగది దాటలేదు మరి.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను," అన్నాడు భార్యతో. ముందు లాయరు సంగతి చూడమందావిడ. ఆవిడ మాటకి ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక నక్షత్రమే.

మొదటి అనుమానం చెల్లెలి మీద. తాబేళ్ళు వచ్చిన వారంలో చూడ్డానికి వచ్చి, ఇది నేరమని మొహమ్మీదే అన్నది ఆమే. ఫోన్ చేసి దులిపేశాడు.

"చెప్పాలనుకుంటే నీ ఎదురుగా నిలబడే చెప్పేదాన్ని అన్నయ్యా. చాటుగా చెప్పే ఖర్మ నాకేం పట్టింది?" అంది చెల్లెలు.

ఆమెకి అంత ధైర్యమూ ఉంది, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే అనుమానం వంటమనిషి మీదికి మళ్ళింది. తనకన్నా చిన్నవాళ్ళ మీద అనుమానపడటం రాయుడికి ఎప్పుడూ సులువే.

వంటమనిషి ఆ అపార్ట్‌మెంట్‌లోనే మూడిళ్ళలో వండి, ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటోంది. తాబేళ్ళలో ఒకదానికి వచ్చిన రోజే పెంకు పగిలి ఉంది. రాయుడు దాని మొహం మళ్ళీ చూడలేదు. ఆమే కూరగాయల్లోంచి లేత ఆకులు ఏరి పెట్టేది. తొట్టి కడిగేదీ ఆమే. పైగా ఆమె చేతిలో ఉన్నది రాయుడి పాత ఫోను. దానం చేశానని ఆయన అప్పట్లో ఊరంతా చాటుకున్నాడు కూడా. ఇప్పుడు తనిచ్చిన ఫోనుతోనే తన కొంప ముంచిందని తేల్చేశాడు.

ఫోను లాక్కుని వెతికాడు. అందులో పిల్లల ఫోటోలు, ఎవరిదో పెళ్ళి, ఒక గ్యాస్ బిల్లు. తాబేలు లేదు.

"తుడిచేశావన్నమాట."

"నేను చెప్పలేదయ్యా," అందామె. "చెబుదామని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. మూగజీవి అలా కాళ్ళీడుస్తుంటే చూడలేకపోయాను. ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియలేదు. తెలిసుంటే చెప్పేదాన్నే," అంది.

అబద్ధమాడడం చేతగాని మనిషి. రాయుడి చెవికి ఆఖరి ముక్క ఒక్కటే వినబడింది. విన్నావా, ఒప్పుకుంది అన్నట్టు భార్యకేసి చూశాడు.

వంటమనిషి ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టింది. పొయ్యి మీద పప్పు ఉందనీ, ఇంకో రెండు ఉడుకులు రావాలనీ అమ్మగారికి చెప్పి చెప్పులేసుకుంది.

అంతటితో వదిలితే ఆయన రాయుడెందుకవుతాడు? పనివాళ్ళను వెతికిపెట్టే యాప్ తెరిచి, ఆమె ఫోటో కింద ఒక్క నక్షత్రం కొట్టాడు. 'నమ్మకద్రోహి. ఇంటి గుట్టు బయటపెడుతుంది' అని రాశాడు. సాయంత్రానికల్లా మిగతా రెండిళ్ళవాళ్ళూ ఆమెను రేపట్నుంచి రావద్దన్నారు. ఆ కబురు వాచ్‌మన్ మోసుకొచ్చాడు. ఆ పూట సెల్యూట్‌కి నాలుగు దక్కాయి.

భార్య మాడిన పప్పు గిన్నె తోముకుంటూ వంటింట్లోనే ఉండిపోయింది.

ఇంటి దొంగను పట్టిన తృప్తితో రాయుడు సోఫాలో కాళ్ళు బారజాపాడు. అప్పుడే ఫోను టింగుమంది. తాబేళ్ళు కొన్న యాప్ వాళ్ళ మెసేజీ.

'కొన్న తాబేలు పెంకు పగిలి ఉందంటూ మీరు ఫోటోతో సహా చేసిన ఫిర్యాదును చట్టప్రకారం వన్యప్రాణి విభాగానికి పంపాం, వారు చర్య తీసుకున్నారు, మీ పేరు ఎవరికీ చెప్పం, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'